ఏ వైద్య కళాశాలలో చేరాలి?

నీట్ ఫలితాలు వెలువడిన నాటి నుండి కౌన్సెలింగ్ ముగిసే వరకు నాకు వచ్చే ఫోన్లలో రోగాల ప్రస్తావన తగ్గిపోతుంది. రక్తపుపోటు, మధుమేహం, మోకాళ్ళ నొప్పులు అన్నీ పక్కకు తప్పుకొని, "డాక్టరు గారూ, మా అమ్మాయికి ఈ ర్యాంకు వచ్చింది, ఏ కాలేజీ ముందు పెట్టమంటారు?" అనే ప్రశ్న ఒక్కటే మిగులుతుంది. ఇన్నేళ్ళూ ఆ ప్రశ్నకు నేను ముక్తసరిగా సమాధానం చెప్పి తప్పుకొనేవాడిని. ఈ ఏడాది అలా తప్పుకొనే వీలు లేకపోయింది. అందుకే వివరంగా వ్రాస్తున్నాను. ఇందులో నేను చేసిన తప్పు కూడా ఒకటి ఉన్నది. దానిని దాచిపెడితే తక్కిన సలహాకు విలువ ఉండదు.

ముందుగా కళాశాలల రకాలు క్లుప్తంగా చెప్పుకొందాం. మన రాష్ట్రాలలోని ప్రభుత్వ కళాశాలల సీట్లలో 15 శాతం అఖిల భారత కోటాకు పోతాయి. మిగిలిన వాటిని ఆంధ్రప్రదేశ్‌లో విజయవాడలోని ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం, తెలంగాణలో వరంగల్లులోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం భర్తీ చేస్తాయి. ప్రైవేటు కళాశాలల్లో సగం సీట్లు కన్వీనర్ కోటావి. వీటికి రుసుము ఏడాదికి వేలల్లోనే ఉంటుంది. తక్కిన సగం బి, సి కేటగిరీలు. బి కేటగిరీకి ఏడాదికి 12 లక్షలకు కొంచెం అటూఇటూగా చెల్లించాలి, సి కేటగిరీ అంతకు మించి. డీమ్డ్ విశ్వవిద్యాలయాలకూ, మంగళగిరి, బీబీనగర్ ఎయిమ్స్ వంటి కేంద్ర సంస్థలకూ దరఖాస్తు కేంద్ర కౌన్సెలింగ్ ద్వారా చేసుకోవాలి. ఇవి కాక విదేశాలు ఉండనే ఉన్నాయి. ప్రభుత్వ కళాశాల అనగానే అన్ని సీట్లకూ తక్కువ రుసుమే అనుకోవడం కూడా పొరపాటు. ఆంధ్రప్రదేశ్‌లో 2023లో విజయనగరం, రాజమహేంద్రవరం, ఏలూరు, మచిలీపట్నం, నంద్యాలలలో ప్రారంభమైన ఐదు ప్రభుత్వ కళాశాలల్లోనూ కొన్ని సీట్లను లక్షల రుసుముతో స్వయం ఆర్థిక విధానంలో పెట్టారు. ఐచ్ఛికాలు నింపే ముందు ఆ తేడా చూసుకోవాలి.

ఈ వివరాలన్నీ పిల్లలకు నాకంటే బాగా తెలుసు. వాళ్ళకు తెలియనిది, తల్లిదండ్రులు అడగనిది వేరే ఉన్నది.

నేను 1968లో గుంటూరు వైద్య కళాశాలలో చేరాను. వార్డుల్లో అడుగు పెట్టిన మొదటి నెలలో నాకు గుర్తున్నది ధనుర్వాతం గది. కిటికీలకు ముదురు తెరలు వేసి ఉండేవి. వెలుతురు పడినా, తలుపు చప్పుడైనా రోగి ఒళ్ళు విల్లులా వంగిపోయేది. మేము చెప్పులు బయట విడిచి, ఊపిరి బిగబట్టి లోపలికి వెళ్ళేవాళ్ళం. పక్క వార్డులో కంఠసర్పితో గొంతు మూసుకుపోయిన పసివాళ్ళు. పల్నాడు నుండి ఎర్రబస్సుల్లో పాముకాటు రోగులు వచ్చేవారు. పత్తికి, మిరపకు కొట్టే పురుగుమందు త్రాగినవారిని అర్ధరాత్రి మంచాల మీద మోసుకొని వచ్చేవారు. పురుగుమందు తాగిన మనిషి ఊపిరితిత్తుల్లో నీరు నిండితే స్టెతస్కోపులో ఎలా వినబడుతుందో, అట్రోపిన్ ఇస్తూ పోతే ఆ శబ్దం ఎప్పుడు ఆగుతుందో, ఆగాక కూడా రోగి పక్కన ఎందుకు కూర్చోవాలో నాకు ఏ పాఠ్యపుస్తకమూ నేర్పలేదు. ఒక హౌస్ సర్జన్ నా చెవులకు స్టెతస్కోపు తగిలించి "విను" అన్నాడు, అంతే. తెల్లవారేవరకు విన్నాను.

మా పాఠశాల భవనాలు గొప్పవి కావు. హాస్టల్ భోజనం గురించి చెప్పకపోవడమే మంచిది. కొందరు ఆచార్యులు పాఠం చెప్పడం మానేసి విద్యార్థులను తిట్టడంతోనే గంట గడిపేవారు. అయినా మంచాల మీద రోగులుండేవారు, మంచాల మధ్య నేల మీదా రోగులుండేవారు.

ఇది ప్రభుత్వ కళాశాలల గొప్పతనాన్ని చాటడానికి చెబుతున్న మాట కాదు. కాకినాడ రంగరాయ వైద్య కళాశాల 1958లో ప్రైవేటు యాజమాన్యంలోనే మొదలయింది, ప్రభుత్వం చేతికి తరువాత వచ్చింది. కానీ అక్కడి విద్యార్థులు నేర్చుకొన్నది కాకినాడ ప్రభుత్వ సార్వజనిక ఆసుపత్రిలో. ఉభయ గోదావరి జిల్లాల జనం ఆ ఆసుపత్రికి వచ్చారు గనుక ఆ కళాశాలనుండి మంచి వైద్యులు వచ్చారు. వెల్లూరులోని క్రిస్టియన్ వైద్య కళాశాల ప్రభుత్వానిది కాదు. చిత్తూరు జిల్లా వాళ్ళను అడగండి, పెద్ద జబ్బు వస్తే వాళ్ళు ఎటు పరుగెత్తుతారో చెబుతారు. కళాశాల ఎవరిది అన్నదానికంటే, దాని ఆసుపత్రికి రోగి తనంత తాను నడిచి వస్తున్నాడా అన్నది ముఖ్యం.

ఇక నా తప్పు సంగతి.

2008లో 58 ఏళ్ళు నిండి పదవీ విరమణ చేశాను. సర్వీసులో మొదటి సగం ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో, జనరల్ మెడిసిన్‌లో ఎం.డి. చేశాక రెండవ సగం బోధనాసుపత్రుల్లో గడిచింది. అందువల్ల బోధనానుభవ పత్రాలు నా దగ్గర ఉండేవి. వాటి విలువ నాకు అప్పుడు తెలియదు, తెలిసినవారు ఇంటికి వచ్చారు. ఒక ప్రైవేటు వైద్య కళాశాల తరఫున వచ్చిన పెద్దమనిషి చాలా మర్యాదగా మాట్లాడాడు. "రోజూ రానక్కర లేదు సర్. నెలకు ఒకటి రెండుసార్లు వచ్చి సంతకం పెట్టండి. తనిఖీ ఉన్న రోజు మాత్రం తప్పకుండా ఉండాలి" అన్నాడు. నెల జీతం చెప్పాడు. నేను ఒప్పుకొన్నాను. నా అవసరాలు నాకుండేవి, వాటిని ఇక్కడ సాకుగా చూపను. నేను అక్కడ పూర్తికాలపు ఆచార్యుడినని ఒక పత్రం మీద సంతకం చేశాను. ఆ పత్రంలోని ప్రతి అక్షరం చదివిన తరువాతనే చేశాను.

తనిఖీ రోజు ఉదయం ఏడు గంటలకు ఆసుపత్రి ముందు మూడు బస్సులు ఆగి ఉన్నాయి. చుట్టుపక్కల ఊళ్ళనుండి మనుషులను తెచ్చారు. కూలి డబ్బులూ మధ్యాహ్నం భోజనమూ ఇస్తామన్నారట. మంచానికొకరిని పడుకోబెట్టారు. కేస్ షీట్లు అప్పటికే సిద్ధంగా ఉన్నాయి. నా వార్డులో ఒక వృద్ధురాలికి ఆయాసం అని వ్రాశారు. తనిఖీ అధికారులు మంచం దగ్గరకు వచ్చినప్పుడు నేను ఆమె నాడి పట్టుకొని, "ఆయాసం తగ్గిందా అమ్మా?" అని అడిగాను. ఆమె తెలివైన మనిషి. నా ముఖంలోకి ఒక క్షణం చూసి, "తగ్గిందయ్యా" అన్నది. వాళ్ళు ముందుకు సాగిపోయారు.

చేయి పట్టుకొన్నాను కదా అని, వాళ్ళు వెళ్ళాక రక్తపుపోటు చూశాను. 200 దాటి ఉన్నది. ఎప్పుడైనా చూపించుకొన్నారా అంటే లేదన్నది. మందుల చీటీ వ్రాసుకొని, డిస్పెన్సరీలో మాత్రలు అడిగి తీసుకొని వచ్చేసరికి భోజనాలు ముగిసి బస్సులు కదిలిపోయాయి. ఆమె ఊరి పేరు కేస్ షీటులో ఉంటుందని వెళ్ళి చూశాను. అది కూడా కల్పించిన పేరే. ఆ కళాశాలలో నేను కనుగొన్న ఒకే ఒక్క నిజమైన రోగి ఆమె.

అయినా వెంటనే మానలేదు. దాదాపు రెండేళ్ళు ఆ జీతం తీసుకొన్నాను.

ఆ రెండేళ్ళలోనే, 2010లో, నా బాల్యమిత్రుడు తన కొడుకును వెంటబెట్టుకొని మా ఇంటికి వచ్చాడు. మిరప రైతు. ఒకే బల్ల మీద కూర్చొని చదువుకొన్నవాళ్ళం. కుర్రవాడికి ర్యాంకు సరిపోలేదు, యాజమాన్య కోటాలో సీటు కావాలి. మూడెకరాలు అమ్మడానికి సిద్ధపడ్డాడు. అడిగినది నా పేరు ఆచార్యుల పట్టికలో ఉన్న కళాశాల గురించే. "భవనాలు బాగున్నాయి. ప్రయోగశాలలు బాగున్నాయి. మీ ఊరికి దగ్గర" అన్నాను. మూడూ నిజాలే. అతడు నా మాట మీద పొలం అమ్మాడు.

ఆరేడేళ్ళ తరువాత ఒక రాత్రి ఒంటిగంటకు ఆ అబ్బాయి ఫోన్ చేశాడు. ఒక చిన్న పట్టణంలో నర్సింగ్ హోమ్‌లో రాత్రి డ్యూటీ చేస్తున్నాడు. పురుగుమందు త్రాగిన రైతును తీసుకొనివచ్చారు. "బాబాయ్, అట్రోపిన్ ఇచ్చాను. నాడి పెరుగుతోందని భయపడి ఆపేశాను. ఊపిరితిత్తులు ఎండేదాకా ఇవ్వాలని పుస్తకంలో చదివాను. ఎండితే ఎలా వినబడుతుందో నేనెప్పుడూ వినలేదు" అన్నాడు. ఫోన్ స్పీకరులో పెట్టించి, స్టెతస్కోపు ఎక్కడ ఆనించాలో చెబుతూ, వినబడిన శబ్దం నోటితో చేసి చూపించమంటూ తెల్లవారుజాము దాకా అతడితోనే ఉన్నాను. ఉదయం ఆ రైతును పెద్దాసుపత్రికి తరలించారు. బ్రతికాడు. అబ్బాయి తెలివైనవాడు, కష్టజీవి. తరువాత ఒక జిల్లా ఆసుపత్రిలో అడిగి మరీ రెండేళ్ళు పనిచేసి, కళాశాలలో నేర్చుకోవలసినది అక్కడ నేర్చుకొన్నాడు. ఈ రోజు మంచి వైద్యుడు. ఆ నేర్చుకొనే రెండేళ్ళలో అతడి చేతికి వచ్చిన రోగుల సంగతి నేను తరచు ఆలోచిస్తూ ఉంటాను.

2025లో వైద్య కళాశాలల తనిఖీల మీద సి.బి.ఐ. కేసు నమోదు చేసినప్పుడు పత్రికల్లో కాగితం మీది ఆచార్యులు, అద్దె రోగులు అన్న మాటలు చదివి చాలామంది ఆశ్చర్యపడ్డారు. నేను పత్రిక మడిచి పక్కన పెట్టాను. ఆ వారంలోనే మిత్రుడు ఫోన్ చేశాడు. అతడి కూతురి కూతురికి మంచి ర్యాంకే వచ్చింది. కన్వీనర్ కోటాలో సీటు ఖాయం. రెండు దారులున్నాయి. ఒకటి, మేనమామ చదివిన ఆ ప్రైవేటు కళాశాల, ఇంటినుండి గంట ప్రయాణం. రెండు, ఉత్తరాంధ్రలో కొత్తగా పెట్టిన ఒక ప్రభుత్వ కళాశాల, రాత్రంతా ప్రయాణం. రెండింటికీ రుసుములో పెద్ద తేడా లేదు. "మనవాడు చదివినదే కదా, అదే ముందు పెట్టమంటాను" అన్నాడు మిత్రుడు. "రెండు రోజులు ఆగు" అన్నాను.

పదిహేనేళ్ళలో ఆ కళాశాల మారి ఉండవచ్చు. పాత పాపం పేరు చెప్పి ఈనాటి సంస్థను తూచడం న్యాయం కాదు. అందుచేత అమ్మాయి తండ్రిని తోడు తీసుకొని, ఎవరికీ చెప్పకుండా ఒక మంగళవారం వెళ్ళాను. ఉదయం పదిన్నరకు ఓపీ దగ్గర అరగంట కూర్చొని వచ్చేవారిని లెక్కపెట్టాను. మధ్యాహ్నం కాన్పుల వార్డు వైపు వెళ్ళాను. సాయంత్రం ఐదింటికి, బంధువులు చూడటానికి వచ్చే వేళ, మగవారి మెడికల్ వార్డులోకి తొంగి చూశాను. ముప్పై మంచాల్లో నాలుగింట మనుషులున్నారు. దుప్పట్లు మాత్రం తెల్లగా, మడత నలగకుండా ఉన్నాయి. జాతీయ వైద్య కమిషన్ నియమాల ప్రకారం 150 సీట్ల కళాశాలకు 605 పడకల ఆసుపత్రి ఉండాలి, ఏడాది పొడుగునా సగటున 80 శాతం పడకలు నిండి ఉండాలి. ఇది ఇంటర్నెట్లో ఎవరైనా చదువుకోవచ్చు. కాని సాయంత్రం ఐదింటికి వార్డులోకి తొంగిచూసే తల్లిదండ్రులను నేను ఇంతవరకు చూడలేదు. అందరూ ఉదయం పూట కార్యాలయానికి వెళ్ళి, హాస్టల్ గది చూసి, మెస్‌లో కాఫీ త్రాగి వచ్చేస్తారు.

తరువాతి వారం అమ్మాయీ, తండ్రీ ఉత్తరాంధ్ర వెళ్ళి వచ్చారు. నా వయస్సుకు ఆ ప్రయాణం వద్దన్నారు. నేను చెప్పిన వేళల్లోనే ఆసుపత్రి చూశారు. పాత జిల్లా ఆసుపత్రికే కళాశాల బోర్డు పెట్టారు. ఓపీలో నిలబడే చోటు లేదు. వార్డులో మంచానికి ఇద్దరు. అదే సమయంలో కళాశాల భవనం సగమే పూర్తయింది, హాస్టల్ అద్దె ఇంట్లో, రెండు మూడు విభాగాల్లో ఆచార్యులు లేరు. కొత్త కళాశాలల్లో ఇది అందరూ ఎదుర్కొంటున్న ఇబ్బందే. తెలంగాణలో 2022లో ఎనిమిది, 2023లో తొమ్మిది ప్రభుత్వ కళాశాలలు ఒక్కసారిగా తెరిచారు. భవనం కట్టినంత వేగంగా ఆచార్యుడు తయారు కాడు. శరీర నిర్మాణ శాస్త్రం, జీవరసాయన శాస్త్రం వంటివి మొదటి ఏడాది సొంతంగా కష్టపడి చదువుకోవలసి రావచ్చు. ఆ లోటును నేను తక్కువ చేయను. అయితే పాఠం చెప్పేవారు లేకపోతే పుస్తకమూ, సీనియర్లూ, ఈ కాలంలో వీడియోలూ ఉన్నాయి. రోగి లేకపోతే ఆ స్థానంలో పెట్టడానికి ఏమీ లేదు.

ఈ మధ్యలో ఒక ఏజెంటు అమ్మాయి తండ్రి వెంట పడ్డాడు. జార్జియాలో సీటు, మొత్తం ఖర్చు బి కేటగిరీలో సగం కూడా కాదన్నాడు. ఆ ఇంటికి దాని అవసరం లేదు గాని, పాఠకులలో చాలామందికి ఆ ఆలోచన ఉంటుంది కనుక చెబుతున్నాను. 2021 నవంబరులో వచ్చిన నిబంధనల ప్రకారం విదేశీ కోర్సు కనీసం 54 నెలలు ఉండాలి, బోధన ఇంగ్లీషులో జరగాలి, 12 నెలల ఇంటర్న్‌షిప్ అదే సంస్థలో చేయాలి, ఆ దేశంలో వైద్యుడిగా నమోదు కావడానికి ఆ డిగ్రీ చెల్లాలి. తిరిగి వచ్చాక ఇక్కడి అర్హత పరీక్ష, మళ్ళీ ఒక ఏడాది ఇంటర్న్‌షిప్. వీటిలో ఏ ఒక్కటి తప్పినా ఆరేళ్ళు నీటిపాలే. ఏజెంట్లు ఇవన్నీ కాగితం మీద చూపించగలరు. నేను అడిగే ప్రశ్న వేరు: తరగతి గదిలో ఇంగ్లీషు సరే, వార్డులో ముసలమ్మ తన కడుపునొప్పి ఏ భాషలో చెబుతుంది? అది అర్థం కాని విద్యార్థి మంచం పక్కన నిలబడీ ప్రయోజనం ఉండదు. ఆ భాష పట్టుదలతో నేర్చుకొని చక్కగా చదివి వచ్చినవారూ నాకు తెలుసు, కాని వారు కొద్దిమందే.

ఒక ఆదివారం మిత్రుడి ఇంటికి వెళ్ళాను. అరుగు మీద మిత్రుడు, కొడుకు, అల్లుడు, అమ్మాయి, లోపల గడప దగ్గర అమ్మాయి తల్లి. వార్డులో చూసినది చెప్పాను. "పదిహేనేళ్ళ కిందటా అంతే. నాకు తెలుసు. నేను అక్కడ జీతం తీసుకొనేవాడిని" అని జరిగినదంతా చెప్పాను. బస్సులు, వృద్ధురాలు, సంతకం, అన్నీ. మిత్రుడు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "పొలం అమ్మకముందే తెలుసునా నీకు?" అని అడిగాడు. తెలుసునన్నాను.

కొడుకు కల్పించుకొన్నాడు. "నాన్నా, మాకూ తెలుసు. ఆ తరువాత ప్రతి తనిఖీకీ ఆ కేస్ షీట్లు వ్రాసింది మా బ్యాచే. బాబాయ్ ఇప్పుడైనా చెప్పాడు, నేను ఇంట్లో చెప్పలేదు. మూడెకరాలు పోయాక ఏమని చెప్పను?" అన్నాడు. మిత్రుడు లేచి లోపలికి వెళ్ళిపోయాడు. ఆ పూట భోజనానికి నేను ఆగలేదు, ఎవరూ ఆగమనలేదు.

అమ్మాయి ఉత్తరాంధ్ర కళాశాలనే ముందు పెట్టుకొన్నది. హాస్టల్ అద్దె ఇల్లని తల్లి కన్నీళ్ళు పెట్టుకొన్నదట. సీటు వచ్చింది, చేరింది. 2019లో వచ్చిన కొత్త పాఠ్యప్రణాళిక వల్ల మొదటి ఏడాది పిల్లలను కూడా అప్పుడప్పుడు వార్డులకు తీసుకొని వెళుతున్నారు. మేము రెండేళ్ళు శవాలతో గడిపిన తరువాత గాని బ్రతికి ఉన్న రోగిని చూడలేదు. ఈ మార్పు నాకు నచ్చింది. మొన్న ఫోన్ చేసి, "తాతయ్యా, ఒక అవ్వకు నేనే రక్తపుపోటు చూశాను. మూడుసార్లు చూశాను, మూడుసార్లూ వేరువేరుగా వచ్చింది. ఎందుకు?" అని అడిగింది. పట్టీ ఎంత బిగువుగా కట్టావు, ఆమె చేయి గుండె ఎత్తులో ఉన్నదా, కొలిచే ముందు ఐదు నిమిషాలు కూర్చోబెట్టావా అని అడిగాను. ఏదీ చేయలేదట. రేపు మళ్ళీ వెళ్ళి చూస్తానన్నది. అవ్వ ఇంకా అదే మంచం మీద ఉంటుందట.

ప్రతి ఆదివారం ఉదయం నాకు ఫోన్ చేయడం మా మిత్రుడికి నలభై ఏళ్ళ అలవాటు. అరుగు మీద ఆ మాటలు జరిగిన తరువాత ఇంతవరకు చేయలేదు.